పరదేశి పరిగె

బేత్లెహేము పొలములో పరిగె ఏరుకొనిన రూతు మోయాబీయురాలు, విధవరాలు. కోతకాలమున పొలపు అంచులను కోయక, రాలిన వెన్నులను ఏరక, పేదలకును పరదేశులకును విడువవలెనని ధర్మశాస్త్రము అంతకు మునుపే విధించియుండెను. కాబట్టి ఆమె ఏరుకొనినది భిక్షము కాదు, హక్కు. ఆమె ఆ ఊరివారిలో ఒకతెగా చేర్చబడుట తరువాతి సంగతి. అంతవరకు ఆకలితో చావకుండుట మొదటి సంగతి. నివాసపు హక్కు కోరి అర్జీ పెట్టుకొనిన పరదేశియెడల ప్రభుత్వము చేయవలసిన ధర్మమునకును ఇదే క్రమము.

తోటకూలివారికి ఈ మాట క్రొత్తది కాదు. 1903 మొదలు మదరాసు రేవున ఓడలెక్కి ఫిజీ ద్వీపములకు బోయిన తెలుగువారిలో అనేకులు సిడ్నీ నగరపు చక్కెర కంపెనీ పొలములలో చెమటోడ్చిరి. వారికి ముందే, 1863 మొదలు 1904 వరకు, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు చెరకుతోటలకు పసిఫిక్ ద్వీపవాసులు సుమారు 62,000 కూలి ఒడంబడికలమీద తేబడిరి. వారిలో కొందరు మోసముచేతను బలాత్కారముచేతను ఓడలెక్కింపబడినవారు. 1901లో చేయబడిన చట్టము వారిని దేశమునుండి పంపివేయ నిర్ణయించెను. ద్వీపవాసులు మొరపెట్టుకొనగా, 1906లో దీర్ఘకాల నివాసులకును వృద్ధులకును రోగులకును కొంత మినహాయింపు కలిగెను. అయినను వేలమంది పంపివేయబడిరి. చదువురాని కూలివాడు ఇరువది యేండ్ల నివాసమును ఏ కాగితముతో ఋజువు చేయగలడు? అండ లేనివానికి మినహాయింపు ఉండియు లేనట్లే. నిలిచిన వారి సంతతిని ప్రత్యేక సమాజముగా ప్రభుత్వము గుర్తించినది 1994లో మాత్రమే.

నేటి ఆస్ట్రేలియాలో శరణుకోరి తీర్పునకై వేచియుండువారికి ‘స్టేటస్ రిజల్యూషన్ సపోర్ట్ సర్వీసెస్’ అను ప్రభుత్వ సహాయము కలదు. పని లేనివారికిచ్చు భృతిలో హెచ్చుపక్షము నూటికి 89 వంతులు దీనివలన లభించును. అయితే 2018లో నియమములు బిగింపబడి, పనిచేయ శక్తులని ఎంచబడిన అనేకులు దానిని గోల్పోయిరి. 2023 ఫిబ్రవరిలో, తాత్కాలిక వీసాలపై ఏండ్ల తరబడి బ్రదికిన సుమారు 19,000 మందికి శాశ్వత నివాసమునకు మార్గము తెరవబడెను. ఇది మెచ్చదగిన కార్యము. కాని తలుపు తెరచుట ఒకటి, తలుపుదాక నడువగల సత్తువ నిచ్చుట మరియొకటి.

అర్జీదారులను పోషించినచో అనర్హులును వచ్చి చేరుదురనియు, పన్నుల సొమ్ము వ్యయమగుననియు కొందరందురు. పన్ను కట్టువాని మాట త్రోసివేయదగినది కాదు. అయితే అనర్హుని కనుగొనుటకు విచారణ కలదు. ఆకలి విచారణ కాదు. అది నిజము పలుకువానిని అబద్ధికుని సమానముగా ఓడించును. పస్తున్నవాడు దినకూలి మానుకొని కచేరికి పోజాలడు, తన సంగతి సరిగా వ్రాయించుకొనజాలడు. కావున తీర్పు వెలువడువరకు తిండి, మందు, తన భాషలో కాగితములను వివరించు ఉచిత సహాయకుడు, ఈ మూడును అర్జీదారునికి దొరకవలెను. ఆ తీర్పునకు ఒక గడువును ఉండవలెను.

కూలి కుటుంబములును తమవంతు చేయవలసినది కలదు. జనన, బాప్తిస్మ, వివాహ పత్రికలను, కూలి చీటీలను పెట్టె అడుగున చెదలకు విడువక భద్రపరచవలెను. సంఘపు పెద్దలు రిజిస్టరులను తప్పక వ్రాయించవలెను. ఒకనాడు అవే సాక్షులగును.

పరిగె ఏరిన ఆ పరదేశి స్త్రీకి మునిమనుమడు దావీదు రాజు. పొలపు అంచు విడిచిన ఊరు నష్టపోలేదు.