33 అంటే ఎంత?

బయట చీకటి. కింద మబ్బులు. రన్‌వే ఎక్కడుందో కంటికి ఆనదు. అయినా విమానం నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది. ఎంత వాలుగా దిగాలో పైలట్‌కి ఎవరు చెబుతారు?

ఎదురుగా ఉన్న తెర చెబుతుంది. దాని కుడిపక్కన నిలువుగా ఓ కొలమానం, దానిమీద వజ్రం ఆకారంలో చిన్న గుర్తు ఉంటాయి. గుర్తు సరిగ్గా మధ్యలో ఉంటే విమానం సరైన వాలులో దిగుతున్నట్టే. అదే పైకి జరిగిందంటే... విమానం ఉండాల్సిన దానికన్నా కిందికి వచ్చేసినట్టు! ఎందుకంటే ఆ గుర్తు చూపేది విమానాన్ని కాదు, అది పోవాల్సిన దారిని. సాధారణంగా ఆ దారి వాలు 3 డిగ్రీలు. రన్‌వే పక్కనుండే యాంటెన్నా రేడియో సంకేతాలతో దాన్ని గీస్తుంది.

ఆ సంకేతాలు లేనిచోట వాలు ఎంతో పైలటే ఎంచుకోవాలి. 1992 జనవరి 20న ఫ్రాన్స్‌లో అలాగే జరిగింది. లియాన్ నుంచి స్ట్రాస్‌బర్గ్ వెళ్తోంది ఎయిర్ ఇంటర్ సంస్థ ఎ320 విమానం. దిగాల్సిన వాలు 3.3 డిగ్రీలు. ఆ విమానంలో వాలునీ, దిగే వేగాన్నీ ఎంచుకునే మీట ఒకటే, అంకెలు కనిపించే గడీ ఒకటే. వాలైతే '-3.3' అని, వేగమైతే '-33' అని చూపిస్తుంది. ఈ 33కి అర్థం నిమిషానికి 3,300 అడుగులు! రెంటికీ తేడా ఒక్క చుక్క. పైలట్లు అక్కడే పొరబడి ఉంటారన్నది దర్యాప్తు అధికారులు ఎక్కువగా మొగ్గిన కారణాల్లో ఒకటి. విమానం దిగాల్సిన దానికి నాలుగు రెట్ల వేగంతో దిగి కొండను ఢీకొంది. నేల దగ్గరవుతోందని హెచ్చరించే పరికరమూ అందులో లేదు. 96 మందిలో 87 మంది చనిపోయారు.

తర్వాత ఎయిర్‌బస్ ఆ గడీని మార్చింది. వేగాన్ని '-3300' అని నాలుగంకెల్లో పూర్తిగా చూపించడం మొదలుపెట్టింది. ఇప్పుడు యాంటెన్నా లేనిచోటా ఉపగ్రహాల సాయంతో అలాంటి గుర్తే తెరమీదికొస్తోంది. మన 'గగన్' వ్యవస్థ ఆసరాతో 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో విమానం అలాగే దిగింది.

పక్కన రెండు సున్నాలు చేర్చడం చూడ్డానికి చిన్న మార్పే. ఆ రెండు సున్నాల వెనక 87 ప్రాణాలున్నాయి.