పింఛను సరే, పంతులేడి?

బ్రాడీపేట అడ్డరోడ్లలో ఏ గోడ చూసినా కోచింగ్ బోర్డే. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో డీఎస్సీ ప్రకటన పడగానే ప్రత్తిపాడు నుంచి, పర్చూరు నుంచి, చిలకలూరిపేట నుంచి మన పల్లెల పిల్లలు ఇక్కడ అద్దెగదులు వెతుక్కున్నారు. అమ్మ మిరపకాయలు కోసిన కూలి, నాన్న పత్తి బోరాలు మోసిన కూలి ఆ ఫీజుల్లోకే పోయింది. వీళ్లలో ఎవర్నయినా ఆపి, ప్రత్యేక విద్యా టీచరు కావాలంటే ఏం చదవాలో అడగండి. చాలామంది తెల్లమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు. ఉద్యమం పేరుతో ఊళ్లు తిరిగే మేమే మొన్నమొన్నటి దాకా ఆ మాట ఎత్తలేదు.

మేము ఎత్తిన మాటలు వేరే. సదరం సర్టిఫికెట్టు కోసం జనాన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రుల దగ్గర పడిగాపులు పడ్డాం. పింఛను కోసం మండలాఫీసు ముందు కూర్చున్నాం. 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను ఆరు వేలయింది. అది హక్కు, ఎవరి దయా కాదు. కానీ ఆరు వేలు బిడ్డకు అక్షరం నేర్పవు కదా!

మిరపకోతల కాలంలో పల్లెకు పోయి చూడండి. తెల్లారకముందే కూలీల ఆటోలు వెళ్లిపోతాయి. చెవులు వినపడని పిల్లాడు నాయనమ్మ దగ్గర అరుగు మీద ఉంటాడు, లేదంటే తల్లి వెంట కల్లంలో ఆ ఘాటులో కూర్చుంటాడు. బడికి పోయిన రోజున హాజరు పడుతుంది, అన్నం పెడతారు, ఆఖరి వరసలో కూర్చోబెడతారు. చిన్ననాటి అంబేద్కర్ బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చున్నాడు. ఈ బిడ్డకు బల్ల ఉంది, పాఠం మాత్రం ఆ బల్ల దాకా రాదు. ఇంకో మాట చెప్పక తప్పదు. వాడికి 'మూగోడు' అని పేరు పెట్టింది ఊరు కాదు, మన వాడే. వాడి నాలుక బాగానే ఉంటుంది. వినని మాటను ఎవరు పలకగలరు?

ఇది కనిపెట్టేవాడే ప్రత్యేక విద్యా టీచరు. పిలిస్తే తల తిప్పని బిడ్డను చిన్నప్పుడే పట్టుకుంటాడు, పరీక్షకు పంపిస్తాడు, సైగల భాష నేర్పుతాడు. బిడ్డకే కాదు, తల్లికీ నేర్పుతాడు. చూపు లేని పిల్లకు బ్రెయిలీ చుక్కలు వేళ్లకింద పెడతాడు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లాడికి చొక్కా గుండీ పెట్టుకోవడాన్ని ఆరేడు మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టూ రోజుల తరబడి చేయిస్తాడు. డబ్బు లెక్క, బస్సెక్కడం, దొడ్డికి పోయి కడుక్కోవడం, అన్నీ పాఠాలే. ఒక్కో బిడ్డకు ఒక్కో పథకం రాసుకుంటాడు. బడికి రాలేని బిడ్డ ఇంటికి తనే వస్తాడు. రెండు మూడు రోజుల శిక్షణ ఇచ్చి మామూలు పంతులికి అప్పగించే పని కాదిది.

అందుకే దీనికి వేరే చదువుంది. ఇంటరు తర్వాత రెండేళ్ల డీఎడ్ స్పెషల్, డిగ్రీ తర్వాత రెండేళ్ల బీఎడ్ స్పెషల్. భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, ఒప్పుకున్న కాలేజీలో చదవాలి, దాని రిజిస్టరులో పేరెక్కాలి. రిజిస్టరు నంబరు లేకుండా ఈ పని చేస్తే 1992 చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మన రాష్ట్ర టెట్‌లో వీళ్లకు 1-బి, 2-బి అని వేరే పేపర్లున్నాయి. ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి ఆర్‌సీఐ అనుమతి ఉందో లేదో చూసుకోండి. బోర్డు చూసి మోసపోకండి.

ఇక సర్కారు సంగతి. ప్రాథమిక బడిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక టీచరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 28న చెప్పింది. 2025 మార్చిలో పోస్టులు ప్రకటించండని రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఏప్రిల్‌లో మన రాష్ట్రం 2,260 పోస్టులు మంజూరు చేసింది. కాగితం మీద పోస్టు పుడితే పల్లె బడికి మనిషి వచ్చినట్టేనా? ఇన్నాళ్లూ భవిత కేంద్రాల్లో ఈ పని మోసినవాళ్లలో చాలామంది కాంట్రాక్టు జీతగాళ్లే. పైగా ఆ కేంద్రం ఉండేది మండల కేంద్రంలో. బిడ్డను తీసుకుపోవాలంటే తల్లికి ఆటో ఛార్జీ, ఆ రోజు కూలీ, రెండూ పోతాయి. ఎన్నాళ్లు తిప్పగలదు?

హెలెన్ కెల్లర్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో చదివాం. ఆమెకు చదువు చెప్పిన ఆన్ సలివాన్ గురించి తక్కువ చెబుతారు. ఆమె అమెరికాలో అనాథల, నిరుపేదల శరణాలయంలో పెరిగిన పిల్ల, తనకే చూపు సరిగా లేదు. 1887లో హెలెన్ ఇంటికి చేరేనాటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఏడేళ్లు కూడా నిండని హెలెన్ అరచేతిలో వేళ్లతో అక్షరాలు రాసి భాష ఇచ్చింది. పేదరికం తెలిసిన మనిషికి ఈ పని పరాయిది కాదు. బ్రాడీపేట గదుల్లో ఉన్న మన ఆడపిల్లలు, మగపిల్లలు దీనివైపు చూడాలని మేము అడుగుతున్నాం.

కార్యకర్తలకు ఒక పని. ఈ పక్షంలో మీ పల్లెలో గడప గడపకూ పోయి, బడి ఈడున్న ఇలాంటి పిల్లలు ఎంతమందో రాయండి. పింఛను వస్తోందా అని మాత్రమే కాదు, చివరిసారి ఎవరైనా పాఠం చెప్పింది ఎప్పుడో కూడా అడగండి. పేర్లు పత్రికకు పంపొద్దు, లెక్క చాలు. ఆ లెక్కతో బడి తల్లిదండ్రుల కమిటీలో తీర్మానం పెట్టించి, మండల విద్యాధికారికి అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే ఆ సంగతి మాకు రాయండి.