సుగరొక్కటే చూస్తే చాలదు

చెరకు నరికి బెల్లం వండే అనకాపల్లి పేటల జనానికి సుగరొస్తే, వేలు గుచ్చి బిళ్లలిచ్చి పంపితే సరిపోదంటున్నాం. సుగరు నొప్పి తెలీకుండానే కిడ్నీలను తినేస్తుంది. మొదట మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీను పోతుంది. గ్రాము క్రియాటినిన్‌కు అది 30 మిల్లీగ్రాములకు చేరితే హెచ్చరికే. అప్పుడే కనిపెడితే సుగరు, బీపీ అదుపులో పెట్టి, మందులతో జబ్బు జోరు తగ్గించొచ్చు. కాళ్లు వాచేదాకా ఆగితే డయాలసిస్సే గతి కావచ్చు. వారానికి రెండు మూడు రోజులు ఆస్పత్రిలో ఉంటే కూలి ఎవడిస్తాడు?

అన్నలారా, అక్కలారా! ఒళ్లునొప్పులకి కొట్లో బిళ్లలు కొని మింగకండి, అవీ కిడ్నీలకు చేటే. ఏడాదికోసారి ఈ మూత్రపరీక్ష చెయ్యమని పీహెచ్‌సీలో గట్టిగా అడగండి. ఇది దయ కాదు, మన హక్కు.