గేమింగ్ కంప్యూటరా, మనింటికా?

"గేమింగ్" అనగానే మనలో చాలామందికి కళ్ళ ముందు కనబడేది ఒకటే. అర్ధరాత్రి దాటినా హెడ్‌ఫోన్స్ తీయని పిల్లాడు, పక్కన ఎర్రగా నీలంగా వెలుగుతున్న ఓ డబ్బా. మా పార్సిప్పనీ స్నేహితురాళ్ళ గ్రూపులో ఈ మాట ఎత్తితే సగం మంది "వద్దు తల్లీ" అన్నారు. అయినా ఈసారి దాని గురించే రాస్తున్నాను. పాత కంప్యూటర్‌కి రోజులు దగ్గరపడిన ఇళ్ళు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఎలాగూ కొత్తది కొనాలి కాబట్టి, ఓ మోస్తరు ధరలో గేమింగ్ కంప్యూటర్ బిగించుకుంటే ఇంటిల్లిపాదికీ పనికొస్తుందని నా ఉద్దేశం.

ఎందుకు కొనాల్సొస్తోందో ముందు చూద్దాం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేసుకోవాలంటే ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆ తర్వాతవే పనికొస్తాయి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. మా ఇంట్లోది 2014లో కొన్న నాలుగో తరం కోర్ ఐ5. అంటే దానికి ఆ దారి లేదు. అలాగని రేపే షాపుకి పరిగెత్తక్కర్లేదు. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని ఒకటుంది. దాంట్లో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. కంప్యూటర్ సెట్టింగ్స్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సింక్ చేసుకుంటే ఉచితం, లేదా 30 డాలర్లు కట్టాలి. బ్యాంకు పనులు, జూమ్, యూట్యూబ్ చాలనుకుంటే ఆ మెషీన్‌తోనే ఇంకొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. డబ్బు ఖర్చు పెట్టకపోవడం కూడా ఒక మంచి ఎంపికే.

మేం ఆగలేకపోవడానికి మొదటి కారణం నేనే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి హెచ్4 మీద వచ్చిన నాలాంటి వాళ్ళు న్యూజెర్సీలో ఎంతమంది క్లినికల్ శాస్ నేర్చుకుంటున్నారో మీకు తెలుసు. చుట్టూ ఫార్మా కంపెనీలు, ఈఏడీ చేతికొస్తే ఏదో ఒక తలుపు తెరుచుకుంటుందన్న ఆశ. నేర్చుకునే వాళ్ళ కోసం శాస్ ఉచితంగా ఇచ్చే వెర్షన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, దానికి పెద్ద మెషీన్ అక్కర్లేదు. కానీ రాత్రి తొమ్మిదింటికి ఒక పక్క జూమ్ క్లాసు, ఇంకో కిటికీలో శాస్, మూడో దాంట్లో వంద పేజీల పీడీఎఫ్. ఎనిమిది జీబీ మెమరీ, పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్. మెమరీ నిండిపోగానే కంప్యూటర్ ఆ డిస్క్ మీదకి రాసుకోవడం, మళ్ళీ చదువుకోవడం మొదలుపెడుతుంది. ఆ గురగురల మధ్య ఇన్‌స్ట్రక్టర్ రెండు స్టెప్పులు దాటిపోయి ఉంటారు. వాయిదాలు కట్టి చేరిన కోర్సు అది.

రెండో కారణం మా వాడు. పన్నెండేళ్ళు. విజయవాడలో మా తోడికోడలి కొడుకు వీడికంటే రెండేళ్ళు పెద్ద. చలికాలం ఇక్కడ శనివారం పొద్దున్న తొమ్మిదంటే అక్కడ రాత్రి ఏడున్నర. ఆ గంటలో అన్నదమ్ములిద్దరూ మైన్‌క్రాఫ్ట్ ఆడుకుంటారు. ఫోన్లో "తాతయ్యకి నమస్కారం చెప్పు" అంటే నసిగే మా వాడు, అక్కడ మాత్రం "అన్నయ్యా, గోడ ఇటు కాదు, అటు కట్టు, ఆగు, నేనొస్తున్నా" అని ధారాళంగా మాట్లాడతాడు. ఆదివారం తెలుగు బడిలో రెండేళ్ళలో రాని క్రియాపదాలు అక్కడ వచ్చేశాయి. పాత మెషీన్ నడిమధ్యలో బిగుసుకుపోతుంటే, మా తోడికోడలు ఫోన్ చేసి "అక్కా, వీడు ఎదురుచూసి ఎదురుచూసి లేచిపోయాడు" అని చెప్పడం నాలుగైదు సార్లు అయింది.

మా ఆయన వాదన ఆయనది. "ఓ ఐదు వందల్లో లాప్‌టాప్ కొనేద్దాం, వాడికి కావాలంటే స్విచ్ 2 కొనిద్దాం" అన్నారు. 2025లో స్విచ్ 2 అసలు ధరే 449.99 డాలర్లు, ఆటల ఖర్చు వేరే. రెండూ కలిపితే వెయ్యికి దగ్గర. పైగా ఆ ధర లాప్‌టాప్‌లో చాలావాటికి తర్వాత మెమరీ పెంచుకునే వీలుండదు. అదే విడిభాగాలతో బిగించిన డెస్క్‌టాప్ అయితే నాలుగేళ్ళ తర్వాత ఒక్క ముక్క మార్చుకుంటే సరిపోతుంది. ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించాను. పన్నుతో కలిపి 850 దాటకూడదని మాటయింది.

విడిభాగాలంటే భయం అక్కర్లేదు. పెళ్ళివారి వంటశాల గుర్తు తెచ్చుకోండి. ప్రాసెసర్ అంటే వంట మాస్టారు. ఏది ముందు, ఏది వెనక అన్న బుర్ర ఆయనది. గ్రాఫిక్స్ కార్డంటే ముందురోజు రాత్రి కత్తిపీటలేసుకుని కూర్చునే ముప్పై మంది. పులిహోర పోపు పెట్టమంటే వాళ్ళకి కుదరదు గానీ, బస్తాడు వంకాయలు చూస్తుండగానే తరిగేస్తారు. స్క్రీన్ మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి, అంటే ఇరవై లక్షల పైచిలుకు. ఒక్కో చుక్క రంగూ సెకనుకి అరవై సార్లు తేల్చాలి. పన్నెండు కోట్లకి పైగా ఒకే రకం లెక్కలు. దానికి మాస్టారొక్కడే చాలడు. ఇక మెమరీ వంటగట్టు, ఎస్ఎస్‌డీ సామాన్ల గది. గట్టు ఇరుగ్గా ఉంటే ఎంత మంచి మాస్టారైనా గదికీ గట్టుకీ తిరగడమే పనిగా పెట్టుకుంటాడు. నా జూమ్ క్లాసులో జరిగింది అదే.

ఎంపిక మానిటర్ దగ్గర మొదలుపెట్టాలని నేనంటాను. మా పాత మానిటర్ 1080, సెకనుకి అరవై ఫ్రేములు చూపిస్తుంది. కార్డు రెండొందల ఫ్రేములు తయారుచేసినా అది చూపించేది అరవయ్యే. కాబట్టి నాలుగైదు వందల కార్డు మాకు వృథా. రేడియాన్ ఆర్ఎక్స్ 6600 అని 2021లో వచ్చిన ఎనిమిది జీబీ కార్డు మాకు రెండొందలకి దొరికింది. ప్రాసెసర్ రైజెన్ 5 5600. ఆరు కోర్లు, కూలర్ కూడా డబ్బాలోనే ఇస్తారు. ఇది 2022 నాటిది, ఏఎమ్4 అనే పాత రకం బోర్డు మీద కూర్చుంటుంది. కొత్తది కొనొచ్చు కదా అని మీరడగొచ్చు. కొత్త ఏఎమ్5 బోర్డులకి డీడీఆర్5 మెమరీయే వేయాలి. 2025 వేసవిలో వంద డాలర్ల చుట్టుపక్కల దొరికిన 32 జీబీ జత శీతాకాలం వచ్చేసరికి రెండింతలు దాటిపోయింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోతున్నాయి. మామూలు జనానికి క్రూషియల్ పేరుతో మెమరీ అమ్ముతూ వచ్చిన మైక్రాన్ కంపెనీ, ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్ 3న ప్రకటించింది కూడా. డీడీఆర్4 ధర కూడా పెరిగింది గానీ, మేం కొన్నప్పుడు 16 జీబీ మా చేతికందే ధరలోనే ఉండింది.

మేం కొన్నది థాంక్స్‌గివింగ్ వారంలో. పార్సిప్పనీ నుంచి ఐ-80 ఎక్కి తూర్పుకి వెళితే పాటర్సన్‌లో మైక్రో సెంటర్ ఉంది. ఇలాంటి సామాన్ల షాపు మన దగ్గర్లో ఉండటం అదృష్టమే, చాలా రాష్ట్రాల్లో ఇది లేదు. ప్రాసెసర్, బోర్డు కలిపి 190, మెమరీ 75, కార్డు 200, ఒక టెరాబైట్ ఎస్ఎస్‌డీ 70, కేస్ 55, పవర్ సప్లై 60. మొత్తం 650. విండోస్ 11 హోమ్ 139. ఇది లెక్కలో వేసుకోని వాళ్ళే ఎక్కువ. ఇరవై డాలర్లకి కీ అమ్ముతామనే వాళ్ళ జోలికి వెళ్ళకండి. న్యూజెర్సీ సేల్స్ టాక్స్ 6.625 శాతంతో బిల్లు 841 అయింది. మానిటర్, కీబోర్డు, మౌస్ పాతవే.

పవర్ సప్లై దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. ప్రాసెసర్ 65 వాట్లు, కార్డు 132, మిగతావన్నీ కలిపినా మూడొందల లోపే. 550 వాట్లది, పేరున్న కంపెనీది తీసుకుంటే నిశ్చింత. కరెంటు బిల్లు గురించి మా అత్తగారు ఫోన్లో అడిగారు, ఆవిడ అడగడంలో న్యాయముంది. ఆడేటప్పుడు 250 వాట్లు లాగుతుందనుకోండి. రోజుకి రెండు గంటలు, నెలకి పదిహేను యూనిట్లు. యూనిట్ పాతిక సెంట్లు వేసుకున్నా నాలుగు డాలర్ల లోపే.

ఇంత కూడా ఎందుకు అనుకునే వాళ్ళకి ఇంకో దారుంది. ఆఫీసులు వాడి తీసేసిన ఎనిమిదో తరం, ఆ పైన టవర్ కంప్యూటర్లు బాగుచేసి తక్కువలో అమ్ముతారు. వాటిలో ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ కార్డు పెట్టుకోవచ్చు. అది 70 వాట్లే తీసుకుంటుంది కాబట్టి వేరే పవర్ వైరు లేకుండా స్లాట్‌లోంచే నడిచే రకాలు దొరుకుతాయి. కొనేముందు కేస్ పొడవు, వెడల్పు కొలుచుకోండి. పొట్టి కేసుల్లో పట్టే పొట్టి కార్డులు వేరే ఉంటాయి. కొన్ని కంపెనీల టవర్లలో పవర్ సప్లై వాళ్ళ సొంత కొలతలది, తర్వాత మార్చడం కష్టం.

బిగించడం ఒక ఆదివారం పని. జాగ్రత్తపడాల్సింది మన చలికాలం గురించి. హీటర్ వేసిన ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది. కార్పెట్ మీద సాక్సులతో నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుంది కదా, ఆ చురుకు మనకి తెలియాలంటేనే మూడు వేల వోల్టులు ఉండాలి. చిప్ పాడవడానికి అందులో కొంచెం చాలు. కాబట్టి స్వెట్టర్ తీసేసి, నూలు బట్టలతో, కార్పెట్ లేని చోట డైనింగ్ టేబుల్ మీద పెట్టుకున్నాం. మధ్యమధ్య కేస్ ఇనుమును ముట్టుకుంటూ పని చేశాం. ఈ ప్రాసెసర్‌కి అడుగున 1331 సన్నటి పిన్నులుంటాయి. అంచులు పట్టుకుని, మూల మీద బంగారు త్రికోణాన్ని బోర్డు మీది త్రికోణంతో సరిచూసి వదిలితే దానంతటదే కూర్చుంటుంది. నొక్కకూడదు. కూలర్ అడుగున బూడిదరంగు ముద్ద ముందే రాసి ఉంటుంది. రెండు లోహాలు ఎంత నున్నగా ఉన్నా మధ్యలో కంటికి కనపడని గుంటల్లో గాలి ఉంటుంది, గాలి వేడిని సరిగా పోనివ్వదు, ఆ ముద్ద ఆ గుంటలు నింపుతుంది. మా వాడికి ఉష్ణవహనం పాఠం అక్కడే అయిపోయింది. చివర్లో మానిటర్ వైరుని కార్డుకే పెట్టాలి, పైనున్న బోర్డుకి కాదు. "కొత్తది కొన్నా బొమ్మ రావట్లేదు" అనే ఫోన్లలో సగం దీని గురించే.

గ్రాఫిక్స్ కార్డు తీర్చలేనిది ఒకటుంది, అది మా వాడికి చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది. షూటింగ్ ఆటలు కూడా విజయవాడ అన్నయ్యతో ఆడాలని వాడి కోరిక. గాజు తీగలో వెలుతురు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది. ఇక్కడి నుంచి విజయవాడ తిన్నగా పదమూడు వేల కిలోమీటర్ల పైమాటే. వెళ్ళి రావడానికే సెకనులో ఎనిమిదో వంతు. కేబుళ్ళు తిన్నగా ఉండవు కాబట్టి అసలు ఆలస్యం ఇంకా ఎక్కువ. గోడలు కట్టుకునే ఆటలో అది తెలియదు. తుపాకీ ఆటలో మాత్రం వీడు కాల్చేలోపే వీణ్ణి కాల్చేస్తారు. ఎంత డబ్బు పోసినా ఆ దూరం తగ్గదు. వాడు కాసేపు ఆలోచించి, "అయితే మైన్‌క్రాఫ్టే" అన్నాడు.

మెషీన్‌ని హాల్లో, సోఫాకి ఎదురుగా పెట్టాం. పిల్లల గదిలో పెట్టే ప్రశ్నే లేదు, ఇందులో నాతో వాదించొద్దు. తెలియని వాళ్ళతో చాట్ ఆపేశాం. వారం రోజులు రాత్రి తొమ్మిది నుంచి పదకొండు నాది, అప్పుడు హోమ్‌వర్క్ మిగిలిందన్నా వినను. ఒక్క సాకుతో రెండు చేతులు మారితే మళ్ళీ నా కోర్సు వంటింటి గట్టు మీద ఫోన్లోకి వెళ్ళిపోతుంది.

ఇక పాతది. న్యూజెర్సీలో కంప్యూటర్లు, మానిటర్లు, టీవీలు మామూలు చెత్తలో పడేయడం 2011 నుంచి చట్టవిరుద్ధం. ఉచితంగా తీసుకునే చోట్లు ఉన్నాయి, టౌన్‌షిప్ రీసైక్లింగ్ వాళ్ళకి ఫోన్ చేస్తే చెబుతారు. కానీ ఇచ్చేముందు హార్డ్ డిస్క్ తీసి దగ్గర పెట్టుకోండి. నాలుగు స్క్రూలు, రెండు వైర్లు, అంతే. మా దాంట్లో టాక్స్ రిటర్నులు, పాస్‌పోర్టు స్కాన్లు ఉన్నాయి. 2016లో మా నాన్నగారు ఇక్కడికొచ్చినప్పుడు మనవడికి లేక్ పార్సిప్పనీ గట్టున కూర్చుని ఎక్కాలు చెబుతున్న వీడియో కూడా ఉంది. ఆయన ఇప్పుడు లేరు. ఆ గొంతు ఉన్నది ఆ ఒక్క ఫైల్లోనే. రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేసి, ఒకటి మా ఇంట్లో ఉంచాం, ఇంకొకటి సంక్రాంతికి ఇండియా వెళుతున్న స్నేహితురాలితో మా అమ్మకి పంపిస్తున్నాం.