గ్రీస్ ఫెర్రీలు: టూరిస్టులకు విహారం.. దీవుల జనానికి ప్రాణాధారం.. పెరిగే భారం ఎవరిపై?

శాంటోరిని, మైకోనోస్ అనగానే తెల్లటి ఇళ్లు, నీలి సముద్రం, ఓడ డెక్ మీద సెల్ఫీలు గుర్తొస్తాయి. కానీ అదే ఓడ నాలుగు రోజులు రాకపోతే చిన్న దీవుల్లో కూరగాయల దుకాణాలు ఖాళీ అవుతాయి. పెద్దాసుపత్రికి వెళ్లాల్సిన పేషెంట్ ఒడ్డునే ఎదురుచూడాలి. ఇప్పుడు ఆ ఓడల ఇంధన ఖర్చు పెరుగుతోంది, పర్యావరణ నిబంధనలు బిగుస్తున్నాయి. మరి ఈ భారం మోసేది ఎవరు? టూరిస్టా, ప్రభుత్వమా, దీవుల్లో ఉండే సామాన్యుడా?

సముద్రం మీద రోడ్డు

గ్రీస్‌లో జనం నివసించే దీవులు 200కు పైగా ఉన్నాయి. వీటిలో ఎక్కువ వాటికి విమానాశ్రయం లేదు. రాజధాని ఏథెన్స్‌ను ఆనుకుని ఉన్న పైరేయస్ పోర్టే ఈ రాకపోకలకు గుండెకాయ. రఫీనా, లావ్రియో పోర్టుల నుంచి కూడా ఓడలు వెళ్తాయి. పైరేయస్ నుంచి శాంటోరినికి మామూలు ఫెర్రీలో 7 నుంచి 8 గంటలు, హైస్పీడ్ ఓడలో సుమారు 5 గంటలు పడుతుంది. క్రీట్‌కైతే రాత్రి ఎక్కి తెల్లారి దిగుతారు. ప్రయాణికులతో పాటు కార్లు, సరుకు లారీలు కూడా ఇవే ఓడలెక్కుతాయి. పాలు, మందులు, సిమెంట్.. దీవికి చేరేవి చాలావరకు ఇలాగే చేరతాయి.

2025 ఫిబ్రవరిలో శాంటోరిని ప్రాంతం వరుస భూకంపాలతో వణికింది. కొద్ది రోజుల్లోనే వేల మంది దీవి వదిలి వెళ్లారు. విమానాలతో పాటు వారిని ఒడ్డుకు చేర్చింది ఫెర్రీలే. ఆపద వేళ ఈ సర్వీసుల విలువ ఏంటో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

గాలి లేస్తే బ్రేకే

ఓడ కదలాలా వద్దా అన్నది చాలాసార్లు గాలి తేలుస్తుంది. గాలి వేగాన్ని బోఫోర్ట్ స్కేల్‌పై కొలుస్తారు. 8 బోఫోర్ట్ అంటే గంటకు 62 కిలోమీటర్లు దాటిన గాలి. సాధారణంగా ఆ స్థాయికి వచ్చేసరికి పోర్టు అధికారులు ఓడలను ఆపడం మొదలుపెడతారు. హైస్పీడ్ ఓడలకైతే అంతకంటే ముందే బ్రేక్ పడుతుంది. జులై, ఆగస్టుల్లో ఎండ కాస్తున్నా ఏజియన్ సముద్రంలో మెల్తెమీ అనే ఉత్తర గాలి హోరెత్తిస్తుంది. అంటే టూరిస్ట్ సీజన్ పీక్‌లోనూ గ్యారంటీ లేదు.

దీనికి సమ్మెలు తోడు. 2025 ఫిబ్రవరి 28న దేశవ్యాప్త సమ్మెలో నావికులూ దిగడంతో ఫెర్రీలు పోర్టులకే పరిమితమయ్యాయి.

సర్వీసు రద్దయినా, 90 నిమిషాలకు మించి ఆలస్యమైనా యూరోపియన్ యూనియన్ రూల్స్ ప్రకారం ప్రయాణికుడు మరో ఓడ అడగొచ్చు, లేదా టికెట్ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. అయితే వాతావరణం కారణమైతే నష్టపరిహారం, హోటల్ ఖర్చు ఇవ్వాల్సిన పని కంపెనీకి లేదు. అందుకే దీవి నుంచి తిరిగొచ్చిన రోజే ఏథెన్స్‌లో విమానం ఎక్కేలా ప్లాన్ చేసుకోవడం రిస్కే. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవారూ మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచుకుంటే మంచిది.

రెండు విషాదాలు

2000 సెప్టెంబర్ 26 రాత్రి ఎక్స్‌ప్రెస్ సమినా అనే ఫెర్రీ పారోస్ దీవి దగ్గర రాళ్లను ఢీకొని మునిగిపోయింది. 80 మందికి పైగా చనిపోయారు. 1966లో తయారైన ఆ ఓడలో, నీరు వ్యాపించకుండా మూసి ఉంచాల్సిన తలుపులు తెరిచే ఉన్నాయి. పారోస్ జాలర్లు పడవలేసుకుని వెళ్లి ఎందరినో కాపాడారు. తర్వాత కెప్టెన్‌కు, ఫస్ట్ ఆఫీసర్‌కు జైలు శిక్షలు పడ్డాయి.

2023 సెప్టెంబర్ 5న పైరేయస్‌లో మరో దారుణం. క్రీట్ వెళ్లే ఫెర్రీ కదులుతుండగా చివరి నిమిషంలో ఎక్కబోయిన 36 ఏళ్ల వ్యక్తిని సిబ్బంది నెట్టేయడంతో నీళ్లలో పడి ప్రాణాలు కోల్పోయాడు. వీడియో దేశాన్ని కుదిపేసింది. సిబ్బందిని వెనకేసుకొచ్చినట్టుగా మాట్లాడారన్న విమర్శలతో నౌకాయాన మంత్రి మిల్టియాడిస్ వర్విట్సియోటిస్ ఆరు రోజుల్లోనే రాజీనామా చేయాల్సి వచ్చింది. మొదటి ఘటన ఓడల భద్రతపై ప్రశ్నలు లేపితే, రెండోది టైమ్ కోసం పరుగులు పెట్టే పోర్టుల తీరును బయటపెట్టింది.

వేసవిలో పోటీ.. చలికాలంలో సబ్సిడీ

ఒకప్పుడు ఏ రూట్లో ఎవరు ఓడ నడపాలో ప్రభుత్వమే లైసెన్సులిచ్చేది. 2001లో తెచ్చిన చట్టంతో మార్కెట్ తలుపులు తెరుచుకున్నాయి. పైరేయస్-శాంటోరిని లాంటి రూట్లలో వేసవిలో కంపెనీలు పోటీ పడతాయి. కానీ ఇరాక్లియా, షినూసా, దోనూసా లాంటి చిన్న దీవుల సంగతేంటి? అక్కడ జనాభా వందల్లోనే. చలికాలంలో ఓడలో సగం సీట్లు కూడా నిండవు. లాభం రాని ఇలాంటి రూట్లను గ్రీకులు ‘బంజరు లైన్లు’ అంటారు. టెండర్లు పిలిచి, ప్రభుత్వమే డబ్బిచ్చి నడిపిస్తుంది.

2018లో మరో పథకం వచ్చింది. ఓడ టికెట్‌కూ, అంతే దూరానికి అయ్యే బస్సు ఛార్జీకీ మధ్య తేడాను చాలా దీవుల శాశ్వత నివాసులకు ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. సముద్రం అడ్డొచ్చిందని పౌరుడు ఎక్కువ కట్టకూడదన్నది దీని ఉద్దేశం. అయితే ముందు జేబులోంచి పెట్టి టికెట్ కొనాలి, డబ్బు తర్వాతే వస్తుంది.

అసలు పరీక్ష ముందుంది

2025 మే 1 నుంచి మధ్యధరా సముద్రంలో ఓడల ఇంధనంలో గంధకం 0.1 శాతం మించకూడదు. అంతకుముందు పరిమితి 0.5 శాతం. శుభ్రమైన ఇంధనం అంటే ఖరీదైన ఇంధనమే. పైగా 2024 నుంచి షిప్పింగ్‌ను ఈయూ కార్బన్ మార్కెట్ పరిధిలోకి తెచ్చారు. 2024లో వెలువడిన ఉద్గారాల్లో 40 శాతానికి, 2025లో 70 శాతానికి, 2026 నుంచి మొత్తానికి పర్మిట్లు కొనాలి.

2 లక్షల లోపు జనాభా ఉన్న దీవుల ఫెర్రీలకు 2030 చివరి వరకు ఈ కార్బన్ భారం నుంచి మినహాయింపు దొరికింది. 6 లక్షలకు పైగా జనాభా ఉన్న క్రీట్‌కు మాత్రం ఆ ఊరట లేదు. అంటే చిన్న దీవులకు గడువు దొరికిందే తప్ప సమస్య తీరలేదు. ఆలోపు పాత ఓడల స్థానంలో తక్కువ ఇంధనంతో నడిచే కొత్తవి రావాలి. వాటికి పెట్టుబడి కావాలి. వేసవి లాభాల కోసం కంపెనీలు పెద్ద రూట్లకే కొత్త ఓడలు కేటాయిస్తే, బంజరు లైన్లకు మిగిలేవి పాతవే.

టికెట్ ధర పెరిగితే టూరిస్టు మరో దేశానికి ప్లాన్ మార్చుకుంటాడు. దోనూసాలో ఉండే పెద్దాయనకు ఆ చాన్స్ లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలన్నా, పిల్లల్ని చూడాలన్నా ఆ ఓడే ఎక్కాలి. ఫెర్రీని రోడ్డులా చూసి ఖర్చు దేశమంతా పంచుకుంటుందా, లేక ఎక్కేవాడే కట్టుకోవాలని వదిలేస్తుందా? 2030 లోపు గ్రీస్ తేల్చుకోవాల్సింది ఇదే.