పోటీ మధ్యలో ఆగాలా, సాగాలా?

గోవాలో ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ తొలిసారి 2019 అక్టోబరు 20న జరిగింది. ఆ ఏడాది దీపావళి ఆ తర్వాత సరిగ్గా వారానికి వచ్చింది. 2024లో పోటీ అక్టోబరు 27న పెడితే ఆ వారంలోనే పండగ. 2022లో మాత్రం పండగ వెళ్లాక, నవంబరు 13న జరిగింది. ఈ తేదీలు చూడగానే సూరత్‌లో ఉండేవాళ్లకు విషయం అర్థమైపోతుంది. దీపావళి ముందు రోజులు ఇక్కడి రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకు ఊపిరాడని కాలం. చీరల మూటలు దేశం నలుమూలలకూ బయల్దేరేది అప్పుడే. ఆ గిరాకీ మధ్యలో తెల్లవారకముందే లేచి, డుమస్ రోడ్డు మీద సైకిలు తొక్కి, కొలనులో ఈది, మళ్లీ దుకాణానికో ఆసుపత్రికో హజీరా ప్లాంటుకో పరుగెత్తే మనిషి, నిద్ర చాలని ఒంటితోనే పోటీకి వెళ్తాడు.

గోవా పోటీ సగం దూరానిది. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు, మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో పూర్తి కావాలి. పూర్తి దూరమంటే ఇందుకు రెట్టింపు. 3.8 కిలోమీటర్లు ఈది, 180 కిలోమీటర్లు తొక్కి, ఆపైన 42.2 కిలోమీటర్ల మారథాన్ పరుగెత్తాలి. గడువు 17 గంటలు. దానికోసం మనవాళ్లు మలేసియాకో ఐరోపాకో వెళ్తుంటారు. ఇంత పొడుగు పోటీలో అన్నీ అనుకున్నట్టు జరగడం అరుదు. ఈత కళ్లజోడులోకి నీళ్లొస్తాయి, టైరు పంక్చరవుతుంది, తాగాల్సిన సీసా గతుకులో జారిపడుతుంది, కడుపు తిప్పుతుంది, పిక్కలు పట్టేస్తాయి, ఎండకు తల తిరుగుతుంది. అప్పుడేం చెయ్యాలి? పళ్లబిగువున ముందుకు సాగాలా, పక్కకు తప్పుకోవాలా? రెండు జవాబులకూ బలమైన కారణాలున్నాయి. వాటిని నిదానంగా తూచి చూడాలి.

మొదట సూరత్ సంగతి కొంత చెప్పాలి. ఈ ఊరు సముద్రానికి దగ్గరే అయినా ఇక్కడివాళ్లకు సముద్రపు ఈత దొరకదు. ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్లు దేశంలోకెల్లా పెద్దవి. పోటు వచ్చేటప్పుడూ దిగేటప్పుడూ నీటి లాగుడు బలంగా ఉంటుంది, నీరు బురద. డుమస్, సువాలి తీరాలు సాయంత్రం తిరగడానికే గాని ఈతకు పనికిరావు. కాబట్టి సాధన అంతా కొలనులోనే. కొలనులో గోడ పట్టుకోవచ్చు, అడుగు కనిపిస్తుంది, అల ఉండదు. పోటీ రోజున మాత్రం ఎదురుగా అలలు, చుట్టూ వందలమంది చేతులూ కాళ్లూ. వర్షాకాలం నాలుగు నెలలూ రోడ్డు సాధన సగం చెడుతుంది. తాపీ మైదానం బల్లపరుపు కనుక ఎత్తుపల్లాల మీద తొక్కే అలవాటూ తక్కువే. ఇక్కడినుంచి వెళ్లేవాళ్లకు ఏదైనా తేడా వస్తే అందులో చాలావరకు ఊరి భూగోళమూ వ్యాపార పంచాంగమూ తెచ్చిపెట్టినదే. వాళ్ల పట్టుదలను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

ఇక సాగాలనేవాళ్ల మాట విందాం. తేడా రావడం ఈ ఆటలో పుట్టుకతో ఉన్నదేనని వాళ్లంటారు. 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఒవాహు దీవిలో జరిగిన మొట్టమొదటి ఐరన్‌మ్యాన్‌లో 15 మంది బయల్దేరితే 12 మంది పూర్తిచేశారు. సైకిలు ముగిసేదాకా ముందున్న జాన్ డన్‌బార్‌కు పరుగులో ఇవ్వడానికి ఆయన సహాయకుల దగ్గర నీళ్లు అయిపోయాయి. చేతిలో ఉన్న బీరే ఇచ్చారు. ఆయన రెండో స్థానంలో వచ్చాడు. ఈ ఆటకు ప్రపంచమంతా పేరు తెచ్చింది కూడా ఒక తేడాయే. 1982 ఫిబ్రవరి నాటి పోటీలో జూలీ మాస్ అనే 23 ఏళ్ల విద్యార్థిని గెలుపు గీతకు కొద్ది దూరంలో కాళ్లు లొంగిపోయి పడిపోయింది. లేచింది, మళ్లీ పడింది. చివరికి పాకుతూ గీత దాటింది. ఆలోగా క్యాథలీన్ మకార్ట్‌నీ ఆమెను దాటి 29 సెకన్ల తేడాతో గెలిచింది. టీవీలో ఆ దృశ్యం చూసినవాళ్లు ఎందరో ఈ ఆటలోకి వచ్చారు. వాళ్లను కదిలించింది ఓడిన అమ్మాయి.

వాళ్ల రెండో మాట ఇంకా గట్టిది. ప్రమాదంలా కనిపించేదంతా ప్రమాదం కాదంటారు. నీళ్లలో గుండె దడదడలాడితే రక్షణ పడవ పట్టుకుని ఆగవచ్చు. దాని సాయంతో ముందుకు జరగనంతవరకు నియమాలు అందుకు ఒప్పుకుంటాయి. పట్టేసిన పిక్క పది నిమిషాలు నడిస్తే సర్దుకోవచ్చు. కడుపు తిప్పితే వేగం తగ్గించి, శక్తి కోసం తీసుకునే జెల్ మానేసి, కాసేపు గుక్కెడు గుక్కెడుగా తాగి చూడవచ్చు. గంట కిందట ఇక నావల్ల కాదనుకున్న మనిషి గంట తర్వాత హాయిగా నడుస్తుండటం ఈ పోటీల్లో మామూలే. పూర్తి పోటీకి 17 గంటల గడువుంది గనక నిదానించే మనిషికీ చోటుంది. పైగా ఆ రోజు వెనక ఇల్లంతా ఉంటుంది. నెలల తరబడి ఒంటరిగా పిల్లల్ని బడికి పంపిన భార్య, షాపు చూసుకున్న తమ్ముడు, సెలవు సర్దిన సహోద్యోగి, పోసిన డబ్బు. మొదటి కష్టానికే ఆగిపోతే వాళ్ల త్యాగానికి ఏం జవాబు చెప్పాలి? ఈ మాట కొట్టిపారేసేది కాదు. కష్టం రాగానే వదిలేయడం ఒకసారి అలవాటైతే అది ఆటతో పోదు.

మరి ఆగాలనేవాళ్లేమంటారు? మిగతా తేడాలన్నీ ఒక ఎత్తు, వేడి ఒక ఎత్తు అంటారు. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి మెదడు పని తడబడితే అది వడదెబ్బ. మాట తడబడుతుంది, నడక తూలుతుంది, ఎక్కడున్నామో తెలియదు. ఆగాలో సాగాలో తేల్చాల్సిన మెదడే అప్పటికి దెబ్బతిని ఉంటుంది. అందుకే ఆ స్థితిలో ‘నేను బాగానే ఉన్నాను’ అనే మాటను వైద్యులు నమ్మరు. 2019 జూన్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ ఐరన్‌మ్యాన్ మహిళల పోటీలో సారా ట్రూ అనే క్రీడాకారిణి అందరికంటే ముందుంది. ఆ రోజు ఎండ మండిపోతోంది. గమ్యం ఇంకా కిలోమీటరు లోపే ఉండగా తూలుతూ కూలిపోయింది. వైద్య సిబ్బంది ఆమెను ఆపేశారు. ఒలింపిక్స్ ఆడిన మనిషికే తన ఒంటి సంగతి ఆ క్షణంలో పట్టుబడకపోతే, రోజంతా వ్యాపారం చూసుకుంటూ మిగిలిన కాస్త సమయంలో సాధన చేసేవాళ్ల మాట చెప్పేదేముంది?

నీళ్ల విషయంలోనూ మోసముంది. ఒంట్లో నీరు తగ్గినా ప్రమాదమే, మితిమీరి తాగి రక్తంలో సోడియం పడిపోయినా ప్రమాదమే. తలనొప్పి, వాంతి, మగత రెంటిలోనూ ఒకేలా కనిపిస్తాయి. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తనమూనాలిచ్చిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉన్నట్టు 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. సోడియం పడిపోయి తూలుతున్నవాడికి ఎవరో జాలిపడి ఇంకో సీసా నీళ్లు తాగిస్తే మేలు బదులు కీడు జరుగుతుంది.

లెక్కలను కూడా రెండు పక్షాలూ నిజాయితీగా చూడాలి. అమెరికాలో 1985 నుంచి 2016 దాకా జరిగిన ట్రయథ్లాన్‌లను, అంటే ఇలా ఈత, సైకిలు, పరుగు కలిసిన పోటీలను, పరిశీలించిన అధ్యయనం ఒకటి 2017లో అనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చింది. హఠాన్మరణాలు, గుండె ఆగి బతికి బయటపడ్డ ఘటనలు, గాయాలతో పోయిన ప్రాణాలు అన్నీ కలిపి 135. అంటే పాల్గొన్న ప్రతి లక్షమందికీ 1.74. ఇది చిన్న అంకె. సాగాలనేవాళ్లకు ధైర్యమిచ్చే అంకె. అయితే ఆ 135లో 90 ఈతలోనే జరిగాయి. 60 దాటిన మగవాళ్లలో లక్షకు 18.6. శవపరీక్ష వివరాలు దొరికినవాళ్లలో సగానికి కాస్త తక్కువమందికి ముందునుంచే గుండె జబ్బుంది. నడివయసులో ఈ ఆట మొదలుపెట్టి, కొలనులోనే ఈదినవాళ్లు ఈ అంకెలను రెండుసార్లు చదవాలి. సముద్రంలో ఛాతీ బిగిస్తే ‘భయమేలే’ అని సరిపెట్టుకోకుండా చెయ్యెత్తాలి.

ఇలా చూస్తే రెండు పక్షాలూ పోట్లాడుకోనక్కర్లేదు. ఒకరు మాట్లాడేది ఒక రకం తేడా గురించి, ఇంకొకరిది మరో రకం. క్రిస్సీ వెల్లింగ్టన్ అనే ఐరన్‌మ్యాన్ విజేత ఒక్కతే రెండు జవాబులూ ఇచ్చి చూపించింది. 2008 హవాయి పోటీలో ఆమె సైకిలు పంక్చరైంది. గాలి నింపే చిన్న సిలిండర్లు వృథా అయిపోయి దారి పక్కన నిలబడిపోయింది. పోటీదారు రెబెకా కీట్ తన దగ్గరున్న సిలిండర్ ఇచ్చి వెళ్లింది. వెల్లింగ్టన్ మళ్లీ ఎక్కి, అందర్నీ దాటి గెలిచింది. అదే వెల్లింగ్టన్ 2010లో ఒంట్లో బాగాలేక, ప్రపంచమంతా తనకోసం చూస్తుండగా, పోటీ ఉదయాన తప్పుకుంది. మరుసటి ఏడాది వచ్చి మళ్లీ గెలిచింది. దానికి రెండు వారాల ముందు సైకిలు మీంచి పడ్డ గాయాలు అప్పటికి ఇంకా మానలేదు. టైరు పాడైతే ఆగలేదు, చర్మం చీరుకుపోతే ఆగలేదు, ఒంటి లోపల జబ్బుంటే ఆగింది. అదే హవాయి పోటీలో 2004 పురుషుల విజేత నార్మన్ స్టాడ్లర్ 2005లో పంక్చర్ల దెబ్బకు మధ్యలోనే మానేశాడు. 2006లో మళ్లీ విజేత అయ్యాడు. ఆగినందుకు ఆయన పేరు చెరిగిపోలేదు.

ఆగి మళ్లీ సాగడం సూరత్ నేతవాళ్లకు కొత్త కాదు. మన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ స్థిరపడి తరాలైంది. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే ఆ జనం సంఖ్య తెలుస్తుంది. లింబాయత్ వైపు ఆ ఇళ్లలో ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. పేక పోగు తెగితే సాంచా (మరమగ్గం) దానంతటదే ఆగేలా ఏర్పాటుంటుంది. పోగు సరిచేసి మళ్లీ నడుపుతారు. ఆగని సాంచా మీద దిగేది చెడిపోయిన గుడ్డ. మనిషి ఒంట్లో అలాంటి ఏర్పాటు అన్నివేళలా పనిచేయదు. పట్టుదలే దాన్ని నొక్కేస్తుంది. కాబట్టి ఆ ఏర్పాటును బయట పెట్టుకోవాలి.

ఇందుకు మన దగ్గరే మంచి నమూనా ఉంది. తెలుగు ఈతగత్తె గోలి శ్యామల 2021 మార్చిలో, 47 ఏళ్ల వయసులో, శ్రీలంక నుంచి ధనుష్కోటి వరకు పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. ఇలాంటి ఈతల్లో పక్కన పడవ ఉంటుంది, అందులో చూసేవాళ్లుంటారు. ఈతగాడి పరిస్థితి బాగాలేదనిపిస్తే పైకి లాగే అధికారం వాళ్లది. ఈ పద్ధతి వల్ల ఈతగాళ్ల ధైర్యం తగ్గలేదు. నిర్ణయం ఇంకొకరి చేతిలో ఉందన్న నిశ్చింతతో ఒంట్లో ఉన్న శక్తంతా ఈత మీద పెట్టగలుగుతున్నారు.

నా తీర్పు ఇది. యంత్రానికో, వాతావరణానికో, వేసుకున్న లెక్కకో వచ్చిన తేడాకు ఆగకూడదు. సరిచేసుకుని, వేగం తగ్గించుకుని, గడువు ముగిసేదాకా సాగాలి. ఆఖరివాడిగా వచ్చినా అది పూర్తిచేసినట్టే. గుండెకో, ఊపిరికో, మెదడుకో సంబంధించిన సూచన కనిపిస్తే ఆగాలి. గమ్యం కిలోమీటరే ఉన్నా ఆగాలి. ఏది ఏ రకమో తేల్చే పని పోటీ మధ్యలో పెట్టుకోకూడదు. అది ముందురోజే, చల్లని తలతో జరగాలి. వెళ్లకముందే గుండె పరీక్ష చేయించుకోవడం, కనీసం కొన్నిసార్లైనా కొలను బయటి నీళ్లలో రక్షకుల మధ్య ఈదడం ఇందులో భాగమే. దీపావళి గిరాకీలో సాధన సగమే అయితే ఆ ఏడు ఆశ తగ్గించుకోవడం, లేదా మానుకోవడం కూడా ధైర్యమే.

పోటీ నిర్వాహకులకు ఒక మాట. వైద్యుడి మాటే చివరి మాట అని మైకులో చెప్పండి, పూర్తిచెయ్యని వాళ్లనూ పేరుపెట్టి పిలిచి చప్పట్లు కొట్టండి. సూరత్‌లోని క్లబ్బులవాళ్లకు ఇంకో మాట. తిరిగొచ్చినవాళ్ల సన్మానంలో మధ్యలో ఆగినవాళ్లకూ కుర్చీ వెయ్యండి, వాళ్లు ఎందుకు ఆగారో అందరికీ చెప్పనివ్వండి. వచ్చే ఏడాది వెళ్లేవాళ్లకు పతకం కథకంటే ఆ కథే ఎక్కువ పనికొస్తుంది. పోటీకి వెళ్లే మీరు, ఏయే సూచనలు కనిపిస్తే ఆగుతారో ఒక కాగితం మీద రాసి ముందురోజు రాత్రే ఇంట్లోవాళ్ల చేతిలో పెట్టండి. ఆ మాట మీద నిలబడండి.