తప్పుకీ నకలు తీస్తుంది

నల్లటి తెర మీద ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ కొడితే చాలు, ఏళ్లుగా పోగేసిన ఫొటోలూ లెక్కలూ ఇంకో డిస్కులోకి చేరిపోతాయి. ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము చేసే పని అదే. 1996లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరస్ దీన్ని తయారుచేశారు. నెమ్మదిగా నడిచే లైన్ల మీద పెద్ద ఫైలు మొత్తాన్నీ మళ్లీ పంపడం దండగని, దాన్ని ముక్కలు చేసి, రెండువైపులా ఆ ముక్కల గుర్తులు పోల్చి, మారినంత మేరకే పంపే ఉపాయం కనిపెట్టారు. ఇప్పటికీ లినక్స్ సర్వర్లు చూసుకునేవాళ్ల చేతికి ముందు తగిలేది ఇదే. నాకూ ఇష్టమే. పేచీ అంతా మనం దాన్ని వాడే తీరుతోనే.

తెలిసినవాళ్లెవరో ఇచ్చిన కమాండు తెచ్చుకుంటాం. అందులో ‘డిలీట్’ అన్న ఆప్షన్ ఉంటుంది. అసలు ఫోల్డరులో లేనిది నకల్లోనూ ఉండకూడదని దాని అర్థం. ఆ కమాండును అనుకున్న వేళకు పనులు నడిపే క్రాన్‌కి అప్పగించి, రోజూ రాత్రి రెండింటికి నడిచేలా పెట్టి, ఇక దాని సంగతి మర్చిపోతాం. పెళ్లి ఫొటోల ఫోల్డరు పొరపాటున చెరిపితే ఆ రాత్రి నకల్లోదీ పోతుంది. రాన్సమ్‌వేర్ ఫైళ్లకు తాళం వేస్తే సైజూ సమయమూ మారాయి కాబట్టి ఆర్‌సింక్ వాటిని కొత్తవే అనుకుని, మంచి నకలు మీద ఆ పాడైనవి పరుస్తుంది. అసలు డిస్కు ఆ రోజు మౌంట్ కాకపోతే, అంటే సిస్టమ్‌కి అందకపోతే, మరీ ఘోరం. ఖాళీ ఫోల్డరు కనిపిస్తుంది, నకలునూ ఖాళీ చేసేస్తుంది. ఇందులో ఎక్కడా దాని తప్పు లేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది.

ఇదంతా ఇంట్లో వాడుకునేవాళ్ల తంటా అనుకోకండి. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ సూపర్ కంప్యూటర్‌లో బ్యాకప్ స్క్రిప్టే దాదాపు 77 టెరాబైట్ల పరిశోధన సమాచారాన్ని చెరిపేసింది. స్క్రిప్టు నడుస్తుండగానే దాన్ని మార్చారు. పాత లాగ్‌లు తుడవాల్సిన వరుసకు ఏ ఫోల్డరో తెలియకుండా పోయి, అసలు ఫైళ్ల మీద పడింది.

అలాగని ఆర్‌సింక్‌ని వదిలెయ్యమనను. పాత రూపాలను దాచే దారీ అందులోనే ఉంది, ‘లింక్-డెస్ట్’ అని. రోజుకో తేదీ పేరుతో కొత్త ఫోల్డరులోకి నకలు తీయించాలి. మారని ఫైళ్లను మళ్లీ రాయకుండా నిన్నటివాటికే లంకె వేస్తుంది. ఏ తేదీ తెరిచినా మొత్తం కనిపిస్తుంది, డిస్కు మీద ఖర్చయ్యేది మాత్రం మారినవాటికే. మంగళవారం చెరిపింది సోమవారం ఫోల్డరులో భద్రంగా ఉంటుంది. ఇంత చక్కటి ఏర్పాటు చేతిలో పెట్టుకుని డిలీట్ పట్టుకు వేలాడటం నాకు అంతుపట్టదు. ఒక్కటే చిక్కు: మారని ఫైలు ఎన్ని తేదీల్లో కనిపించినా డిస్కు మీద ఉన్నది ఒక్కటే. అక్కడ డిస్కు పాడైతే అన్ని తేదీల్లోనూ పోయినట్టే. అందుకే రెండో డిస్కు కావాలి, అదీ వేరే ఇంట్లో. ఎప్పుడూ కంప్యూటరుకి తగిలించి ఉంచే డిస్కుకీ ఆ రాన్సమ్‌వేరే తాళం వేయగలదు.

కమాండు రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త: అసలు ఫోల్డరు పేరు చివర ఒక ఏటవాలు గీత ఉంటే లోపలి సరుకు మాత్రమే వెళుతుంది, లేకపోతే ఫోల్డరే వెళుతుంది. డిలీట్ తోడైనప్పుడు ఈ చిన్న గీతే కొంప ముంచుతుంది. కమాండుకి ‘ఎన్’, ‘వి’ అనే అక్షరాలు చేర్చి నడిపితే ఏమీ ముట్టుకోకుండా, చేయబోయేదంతా వరుసగా చూపిస్తుంది. ఆ జాబితా చదవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. అది చదివాకే క్రాన్ జోలికి వెళ్లండి. నెలకోసారి పాత తేదీ నుంచి ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చి, తెరుచుకుంటుందో లేదో చూడండి.